ఇరవై ఒకటో ఓటు

"కార్డు చూపించండి."

"ఇదిగోండి."

"ఇది కార్డా? కాగితం ముద్దలా ఉంది."

"జేబులో ఉన్న సంగతి మర్చిపోయి చొక్కా ఉతికేశానండీ. పార్టీ గుర్తు మాత్రం చెక్కుచెదరలేదు, చూడండి!"

బల్ల వెనక అమ్మాయి నవ్వలేదు. ఆమె లెక్కల టీచరు. ఆ చిన్న పార్టీలో అందరూ 'రూల్సమ్మ' అంటారు. జాబితాలో అతని పేరు వెతికి, సంతకం పెట్టించుకుని ఓటు చీటీ ఇచ్చింది.

అతను ప్లంబరు. రాష్ట్ర నీటి బోర్డు అధ్యక్ష పదవికి పార్టీ తరఫున నిలబడతామన్న ఇద్దరిలో ఒకడు. అది రాష్ట్రమంతా ఓటేసే పదవి. సంగీత పాఠశాల మేడమీద హాల్లో చేరిన నలభై ఒక్కమంది ప్రతినిధులు ఆ రోజే అభ్యర్థిని తేల్చాలి. సాయంత్రం ఐదులోపు ఎన్నికల ఆఫీసులో ఫారం అందకపోతే పార్టీ బరిలోనే ఉండదు.

"ఇంతకీ నా పోటీదారు ఎక్కడండీ? ఆ రిటైర్డ్ ఇంజనీరు మూడుసార్లు నిలబడి మూడుసార్లూ బోర్లా పడ్డాడట కదా. పాపం, ఇంట్లో వద్దని చెప్పేవాళ్లే లేరా?"

"చెప్పాను. వినలేదు."

"మీరా?"

"మా నాన్న ఆయన."

అతను చీటీ తీసుకుని అక్కణ్ణుంచి జారుకున్నాడు.

మూడింటికి మొదటి ఓటింగు అయింది. చీటీ మీద మూడు గళ్లు: ఇంజనీరు, ప్లంబరు, 'ఎవరూ వద్దు'. గెలవాలంటే సగానికి మించి రావాలి. పార్టీ అధ్యక్షురాలైన పళ్ల డాక్టరమ్మ చీటీలు లెక్కపెట్టింది. ఇంజనీరుకి ఇరవై, ప్లంబరుకి ఇరవై, 'ఎవరూ వద్దు' ఒకటి.

"అరగంటలో మళ్లీ ఓటింగు!" అందామె.

బయట వాన మొదలైంది. ఇంజనీరు కాలుగాలిన పిల్లిలా హాలంతా తిరుగుతున్నాడు. ప్లంబరు వరండాలోకి వెళ్లేసరికి రూల్సమ్మ అక్కడ చేతి గడియారం చూసుకుంటూ నిలబడి ఉంది.

"ఆ ఒక్క ఓటూ ఎవరిదంటారు?"

"నాదే."

"ఎందుకండీ?"

"నాన్నకి వేస్తే, కూతురు కాబట్టి వేసిందంటారు. మీకు వేస్తే..."

"వేస్తే?"

"పొద్దుట్నుంచి మీవైపే చూస్తున్నానని డాక్టరుగారు ఇప్పటికే రెండుసార్లు ఏడిపించారు."

"నేనూ చూస్తూనే ఉన్నాను. నన్నెవరూ ఏడిపించలేదే!"

ఆమెకు నవ్వాగలేదు. అంతలోనే ముఖం ముడుచుకుంది.

"నవ్వించి ఓటడక్కండి."

"అడగను. మీరే అడగండి, మీకేం తెలుసుకోవాలనుందో. అందరిముందూ అడగండి."

హాల్లో ఆమె లేచి నిలబడింది.

"ఇద్దరికీ ఒకటే ప్రశ్న. ఓడిపోతే మర్నాడు ఏం చేస్తారు?"

"మళ్లీ నిలబడతా," అన్నాడు ఇంజనీరు వెంటనే. "ఐదోసారి కాదు, పదోసారైనా!"

చప్పట్లు మోగాయి. ప్లంబరు మెడ రుద్దుకున్నాడు.

"కొండకింద పేటలో నేను పనిచేసే ఇళ్లకి రోజుకి గంటసేపే నీళ్లొస్తాయండీ. గెలిస్తే ఆ పైపు మార్పిస్తా. ఓడితే, ప్రచారంలో అలాంటి పేటలెన్ని కనిపించాయో రాసుకెళ్లి, గెలిచినాయన గుమ్మంలో కూర్చుంటా. లేవమన్నా లేవను."

చప్పట్లు పెద్దగా రాలేదు. ఆమె మాత్రం చీటీ మీద గీత గీసి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, పెట్టెలో వేసింది.

ప్లంబరుకి ఇరవై ఒకటి. ఇంజనీరుకి ఇరవై.

ఆమె తిన్నగా తండ్రి దగ్గరికి వెళ్లింది.

"నాన్నా, నీకు వెయ్యలేదు."

ఆయన కళ్లజోడు తీశాడు.

"నాకు వేసుంటే నిన్ను పెంచడంలో ఎక్కడో పొరపాటు చేశాననుకునేవాణ్ణే," అన్నాడు. కళ్లజోడు తుడుచుకుని, ప్లంబరు వైపు చెయ్యి చాచాడు. "ఏమయ్యా, ఫారం మీద ప్రతిపాదించేవాడి సంతకం కావాలిగా? ఇలా ఇవ్వు."

ఫారం ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని ప్లంబరూ, రూల్సమ్మా స్కూటరెక్కారు. దారంతా ఆమె వెనకనుంచి "ఎడమకి! కాదు, కుడికి!" అంటూనే ఉంది. నాలుగూ యాభై రెండుకి ఎన్నికల ఆఫీసు గుమాస్తా స్టాంపు వేశాడు.

ఇద్దరూ ఆఫీసు మెట్లమీద నిలబడ్డారు. జుట్టంతా నీళ్లోడుతోంది.

"ఇక ఆర్నెల్లు రాష్ట్రమంతా తిరగాలి మీరు," అంది ఆమె. "కనబడరేమో."

"మీరూ రండి. నాకు దారులు తెలీవని చూశారుగా."

"ప్రచారానికేనా?"

"కాదండీ. నాకు మీరంటే ఇష్టం. ప్రచారం వంక మాత్రమే."

ఆమె నోరు తెరిచేలోపు ఫోను మోగింది. తండ్రి.

"పని అయిందా?"

"అయింది నాన్నా."

"మరింకా వానలో ఏం చేస్తున్నారు? ఇంటికి రండి," అన్నాడాయన. ఆమె సరేననబోతుంటే గొంతు సవరించుకుని మళ్లీ చెప్పాడు. "ఇద్దరూ."