అగ్గిపెట్టెల షెడ్డుకు రెండో వాకిలి

"ఈ గదికి ఇంకో వాకిలి యాడుండాది?" అని అడిగినాను.

"ఒకటి చాలదా సార్? మీ ఇంట్లో ఒకేసారి ఎన్ని వాకిళ్లలోంచి బయటికి పోతారు?" అనింది ఓనరు యోగిత.

పుల్లలు మందులో ముంచే గదిలోని ఆడోళ్లంతా నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. అగ్గిపుల్లల చట్రాలు ముంచే మందు పళ్లెం వాకిలికి దగ్గరగా ఉంది. దాని వెనక పద్నాలుగు మంది. అంటుకుందంటే మంట దాటుకునే బయటపడాల.

నా పేరు దినకర్. ఊరు పరదరామి. పని వేలూరులో. ఈ షెడ్డు ఉండేది గుడియాత్తంలో. బయటి దేశం వాళ్ల గ్రాంటుతో చిన్న యూనిట్లకు సలహాలమ్మే ఆఫీసు మాది. ఫీజులో సగం గ్రాంటుది, సగం ఓనరుది. చివర్లో ఓనరు 'తృప్తి ఫారం' మీద సంతకం పెట్టాల. సంతకం లేకుంటే మేం ఆ యూనిట్‌కు పని చేసినట్టే కాదు. అంటే ఓనరుకు నచ్చని నిజం చెప్పకూడదు. ఈ రూలు రాసినవాణ్ణి పట్టుకొచ్చి ఆ గదిలో ఒక గంట నిలబెట్టాల.

"కంప్యూటర్లో బిల్లులు వేసేది నేర్పిస్తారని పిలిస్తే గోడలు కొలుస్తా ఉండారేం?" అనింది యోగిత.

దక్షిణపు గోడలో ఒకచోట ఇటుకలు కొత్తగా ఉన్నాయి. సరిగ్గా వాకిలంత.

"ఇక్కడ వాకిలి ఉన్నట్టుండాదే?"

నవ్వులు ఆగిపోయినాయి. అందరికంటే పెద్దది చిన్నమణి, "ఆ మాట ఎత్తొద్దప్పా" అనింది మెల్లగా.

యోగిత నన్ను బయటికి పిలిచింది. "మా నాయన చెంగల్రాయలు ఆ వాకిలి దాటతానే పడిపోయినాడు. గుండెపోటు. దక్షిణపు వాకిలి కీడు చేసిందని అమ్మ వారంలో పూడ్పించేసింది. మూడేండ్లుగా యూనిట్ నేను చూస్తా ఉండా. ఆ గోడ జోలికి మాత్రం పోను."

"మీకు భయం లేదా?"

"అమ్మంటే భయం."

వేలూరులో మా మేనేజరు ఉమాపతి సారు రిపోర్టు చూసి తల పట్టుకున్నాడు. "గోడ గొడవ నీకెందుకయ్యా? బిల్లుల సంగతి రాసి సంతకం తీసుకో. వచ్చే నెల గ్రాంటోళ్లు వస్తారు."

మళ్లీ గోడ గురించే రాసినాను. ధైర్యం కాదది. నిద్ర పట్టక రాసినాను. బస్టాండులో ఎవడన్నా బీడీ వెలిగిస్తే నాకు ఆ గదే కనపడేది. పద్నాలుగు ముఖాలూ కనపడేవి. దాచుకోవడం ఎందుకు, ఒక ముఖం ఎక్కువసేపు కనపడేది.

మధ్యాన్నం మూడుకి ముంచే పని ఆపేస్తారు. రోజూ మూడుకి యోగితకు మెసేజ్ పెట్టేవాణ్ణి. "ముగిసిందా?"

"ముగిసింది. అందరం బతికే ఉండాం సార్."

పదో రోజు ఇంకో ముక్క కలిపింది. "రోజూ ఇట్లా అడిగితే చూసేవాళ్లు వేరేగా అనుకుంటారు."

"అనుకోనీండి."

మెసేజ్ చూసినట్టు గుర్తు పడింది. మరుసటి రోజు మూడుకి జవాబు రాలేదు. మూడుంబావుకు ఫోన్ చేసినాను. స్విచ్ఛాఫ్.

ఆఫీసులో చెప్పకుండానే కాట్పాడికి పరిగెత్తి రైలెక్కినాను. లత్తేరి దాటినాక కిటికీలోంచి చూస్తే గుడియాత్తం పక్క ఆకాశమంతా నలుపు. పొగ. ఆ గోడను ఆరోజే నా చేతులతో కూలదోసి ఉండాల్సింది. ఇంకేమీ తోచలేదు.

స్టేషన్లో దిగేసరికి ఆ నలుపు నా నెత్తిన కురిసింది. మబ్బు అది.

షెడ్డు ముందరి పంచలో యోగిత కూర్చుని టీ తాగుతా ఉంది. "మబ్బు పడితే మందు ఆరదు సార్, మధ్యాన్నమే పని ఆపేసినాం. పొద్దుట్నుంచీ కరెంటు లేదు, ఫోన్ చచ్చిపోయింది." నన్ను తేరిపార చూసింది. "ఏడస్తా ఉండారా?"

"వాన."

"ముక్కు కూడా వానకే ఎర్రబడిందా?"

"ఫారం చించేయండి. సంతకం వద్దు. ఆ గోడ పగలగొట్టండి. రోజూ మూడుదాకా నేను చచ్చి బతకలేను."

లోపల్నుంచి వాళ్లమ్మ సరస్వతమ్మ వచ్చింది. అంతా వినింది.

"నాయనా, ఆ వాకిలి మా ఆయన్ను తినింది. మళ్లీ తెరిస్తే నా బిడ్డను తింటాది. నీకేం, రిపోర్టు రాసి పోతావు."

"పోనమ్మా. తెరిచిన రోజు ముందు నేనే దాటతా. ఏమన్నా అయితే నాకే అవుతుంది."

"నీకేమన్నా అయితే ఇది ఏమైపోతాది?" కూతురి పక్క చెయ్యి చూపించింది. "మూడు కాకముందే ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చుంటా ఉండాది. నాకు కండ్లు లేవనుకుంటా ఉండాది."

"అమ్మా," అని యోగిత ముఖం తిప్పుకుంది.

సరస్వతమ్మ కూతురి పక్క తిరిగింది. "శుక్రవారం పగలగొట్టించు," అనింది.

శుక్రవారం కొత్త గడప ముందర చెప్పులు విడిచి నిలబడినాను. ఇలాంటివి నేను నమ్మను. అయినా విడిచినాను. యోగిత వచ్చి పక్కన నిలబడింది.

"భయమా?"

"భయమే."

"నాకూ. పదండి."

ఇద్దరం ఒకేసారి దాటినాం. వెనక సరస్వతమ్మ బిగబట్టిన ఊపిరి వదలడం వినిపించింది. తర్వాత చిన్నమణి అందర్నీ పరిగెత్తించింది. పద్నాలుగు మంది రెండు వాకిళ్లలోంచి బయటపడేదానికి తొమ్మిది సెకండ్లు పట్టింది.

ఫారం చించలేదు యోగిత. సంతకం పెట్టింది. 'సలహాదారునిలో మీకు నచ్చింది ఏమి?' అనే చోట అరవంలో ఒకే మాట రాసింది. భయం. గ్రాంటోళ్లకు ఇది ఎట్లా చూపించాలని ఉమాపతి సారు ఇంకా గొణుగుతా ఉన్నాడు.

వాకిలి రెండైనా మందు మందే. ఈరోజు కూడా మూడుకి మెసేజ్ పెట్టినాను. "ముగిసిందా?"

"ముగిసింది. అమ్మ వంట చేస్తా ఉండాది. సాయంత్రం బండికి రా."