లాంథనం సీసా

“వాల్టర్ ఇవాళే ఫోన్ నొక్కుతాడు. ఆపు.” చీఫ్ లైన్ కట్ చేశాడు.

ఏజెంట్ హరిలాల్ జనగామలోని తన అక్వేరియం షాపు షట్టర్ దించి బైకెక్కాడు. సకల జనుల సమ్మె. బస్సుల్లేవు. రోడ్డు మీదే పొయ్యిలు, పాటలు.

“శ్యామన్నా, జర బువ్వ తిని పో!” ఎవరో కేకేశారు.

ఆగలేదు. ఊరికి అతను చేపల శ్యాం. గార్ల దగ్గర లంబాడీ తండాలో ఉన్న అమ్మకు, దుబాయిలో కూలి చేస్తున్న కొడుకు.

మహబూబాబాద్‌లో వాల్టర్ బంగళా. పైకి గ్రానైట్ వ్యాపారి, లోపల విదేశీ ముఠా నాయకుడు. భూపాలపల్లిలో సమ్మె కార్మికుల సభ జరుగుతోంది. ఆ వేదిక కింద అతని బాంబు ఉంది. పేలితే నింద తెలంగాణ ఉద్యమం మీద పడుతుంది. దాన్ని పేల్చగలిగేది అతని శాటిలైట్ ఫోన్ ఒక్కటే.

హాల్లో గోడంత ఉప్పునీటి అక్వేరియం. దాన్ని శుభ్రం చేసేది చేపల శ్యామే. ఫాస్ఫేట్ పెరిగి అద్దాలకు నాచు పట్టింది. హరిలాల్ సంచిలోంచి ఒక సీసా తీశాడు.

“ఏంటది?” అడిగింది మోనికా. వాల్టర్ ప్రియురాలు. సిల్కు గౌను, ఖరీదైన సెంటు.

“లాంథనం, మేడం. ఫాస్ఫేట్‌ను పట్టి తెల్లపొడి చేస్తది. ఫిల్టర్ సంచిలో చుక్క చుక్క పొయ్యాలె. పొడి సంచిలనే ఆగుతది.”

“ఒకేసారి పోస్తే?”

“నీళ్లు పాలలెక్క అయితయ్. చేపలకు ఊపిరాడదు.”

వాల్టర్ కిటికీ దగ్గర ఫోన్ యాంటెనా లాగాడు.

హరిలాల్ సీసా మొత్తం ట్యాంకులో కుమ్మరించాడు. నీళ్లు తెల్లబడ్డాయి. వచ్చినప్పుడల్లా తన చేతిలో మేత తినే పసుపు చేప నోరు తెరిచి పైకి తేలింది. అతను చూపు తిప్పుకున్నాడు.

“నా చేపలు!” వాల్టర్ ఫోన్ బల్ల మీద పడేసి, రెండు చేతులూ నీళ్లలో పెట్టాడు. హరిలాల్ ఫోన్ వైపు దూకాడు. వాల్టర్ పిస్టల్ తీశాడు.

ఫోన్ అందుకున్నది మోనికా.

“ఇటివ్వు!” అరిచాడు వాల్టర్.

ఆమె దాన్ని ఉప్పునీళ్లలోకి జారవిడిచింది. అతను నివ్వెరపోయిన ఆ క్షణంలోనే హరిలాల్ అతని మణికట్టు విరిచాడు. ఆమె చెవికమ్మలోని మైకులో చెప్పింది: “వేదిక కింద. ఎడమ మూల. తీసేయండి.”

తర్వాత హరిలాల్ వైపు తిరిగి, దెబ్బ తగిలిందా అని అడిగింది. తెలుగులో కాదు, తండా భాషలో.

ఏళ్ల తర్వాత ఆ భాష విన్నాడు. అదే భాషలో అడిగాడు: “నీది ఏ తండా?”

“చెప్పొద్దు కద.”

బయట రెండు జీపులు ఆగాయి. ఆమె విభాగానిది ఒకటి, అతని విభాగానిది ఒకటి.

“మళ్ల ఎక్కడన్న కనవడితే పలకరించకు,” అందామె. “నువ్వెవరో నాకు తెల్వదు.”

హరిలాల్ నవ్వాడు. “గిప్పుడు మాత్రం తెలుసా?”