రాడార్‌లో లేని వాన

"ఊరు గ్రేలింగ్ బే," అన్నాడు నిఘా విభాగం డైరెక్టర్ ఈశ్వరప్రసాద్. గంగాలిన్ నుంచి సిటీకి వెళ్లే లైట్ రైల్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఇంగ్లిష్‌లో చెప్పండి సార్," అన్నాడు ఏజెంట్ హేమచంద్ర మెల్లగా. "తెలుగైతే ఈ పరాయిదేశంలోనూ సగం బోగీకి అర్థమవుతుంది."

ఈశ్వరప్రసాద్ నవ్వలేదు. మిగతాది ఫోన్‌లో టైప్ చేసి చూపించాడు.

సముద్రం అడుగున వచ్చే ఇంటర్నెట్ కేబుల్ ఆ ఊరి దక్షిణ రేవులో ఒడ్డెక్కుతుంది. దానికి ట్యాపింగ్ పరికరం తగిలించాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. రేవులో కాపలా ఉండే పోలీసు బోటు ఒక్కటే వాళ్లకు అడ్డు. దాన్ని ఆదివారం అక్కడి నుంచి కదిలిస్తారని సమాచారం. ఎలా కదిలిస్తారో తెలియదు. రైలు దిగాక మిగిలిన సంగతి నోటితోనే చెప్పాడు.

"అక్కడ మన మనిషి హరిప్రియ. ఊరికి రాడార్ బొమ్మ అందించే సర్వర్ ఆవిడ చేతిలో ఉంది. ముఠాలోనూ ఉంది, మనలోనూ ఉంది."

"ఎవరివైపు ఎక్కువ?"

"అది నువ్వే తేల్చాలి."

ఆదివారం హేమచంద్ర వేషం, సెలవుకు వచ్చిన తండ్రి. పెద్ద వేషమేమీ కాదు. పదహారేళ్ల కూతురు చైత్ర నిజంగానే అక్కడి ఈత పందెంలో పేరు ఇచ్చింది. తల్లి పోయిన పద్నాలుగు నెలల్లో ఆ పిల్ల నీళ్లలోకి దిగుతానని అనడం ఇదే మొదలు. వద్దనడానికి అతనికి నోరు రాలేదు.

గ్రేలింగ్ బేలో మాంసం కాల్చుకునే బార్బీ పొయ్యి వెలిగించాలన్నా, బట్టలు ఆరేయాలన్నా, పడవ దింపాలన్నా ముందు ఫోన్‌లో రెయిన్ రాడార్ చూస్తారు. మేఘం ఎటు కదులుతోందో చూసుకుని పని పెట్టుకుంటారు.

"డాడ్, రాడార్ క్లియర్. స్టాప్ వర్రీయింగ్," అంది చైత్ర, పసుపు టోపీ సర్దుకుంటూ.

ఎనిమిదింటికి అతను బీచ్ పైనున్న ఇంటి గేటు ముందు ఆగాడు. నల్లకళ్లద్దాలు, నారింజరంగు సిల్కు స్కార్ఫ్‌తో హరిప్రియ ఫ్యాషన్ పత్రిక అట్ట మీది బొమ్మలా ఉంది. ఆమె కాళ్ల దగ్గర, ఇంటిముందు చెక్క అరుగులాంటి డెక్ మీద తెల్లబట్ట, దాని నిండా అప్పుడే పెట్టిన సగ్గుబియ్యం వడియాలు.

"గొడుగు దొరుకుతుందా అండీ?"

"ఎండకా, వానకా?"

"ఎండకే."

కోడ్ సరిపోయింది.

"రాడార్‌లో చుక్క లేదు. సాయంత్రం దాకా ఎండే," అంది ఆమె, అవసరమైనదానికంటే కాస్త గట్టిగా. "అందుకే ఇవి పెట్టుకున్నా."

"ముఠా సంగతి?" అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె తల అడ్డంగా ఊపింది. అతని కళ్లలోకి చూడలేదు. "ఎక్కడివాళ్లండీ మీరు?" అంది.

"మా ఆవిడది భీమవరం," అన్నాడు హేమచంద్ర. ఇరవై ఏళ్ల సర్వీసులో ఏ ఇన్ఫార్మర్‌కీ చెప్పని మాట అది.

పది యాభైకి అతని చేతిగడియారం సన్నగా వణికింది. గాలి పీడనం పడిపోతోందట. ఆఫీసు ఇచ్చిన గడియారం, ఇదివరకు ఒకటి రెండుసార్లు అబద్ధం చెప్పింది. ఫోన్ తీశాడు. రాడార్ శుభ్రంగా ఉంది. ఆకాశమూ నీలంగానే ఉంది. బీచ్ నుంచే ఫోన్ కెమెరాను జూమ్ చేసి హరిప్రియ ఇంటి డెక్ వైపు తిప్పాడు.

హరిప్రియ మోకాళ్ల మీద కూర్చుని, తడి వడియాలతో సహా బట్టను గబగబా మడిచి లోపలికి తీసుకెళ్తోంది.

అలా మడిస్తే అవి ముద్దవుతాయి. బతికుండగా భార్య విద్యావతి ఏటా వడియాలు పెట్టేది. ఎర్రటి ఎండలో వాటిని ఎత్తడం అతను ఒక్కసారీ చూడలేదు, వాన ముంచుకొస్తే తప్ప.

అప్పుడు అర్థమైంది. ఫోన్‌లో ఉన్నది హరిప్రియ సర్వర్ పంపిన నిన్నటి బొమ్మ, దాని మీద టైమ్ మాత్రం ఈరోజుది. గాలివాన దక్షిణపు కొండ వెనకే ఉంది. తొంభైమంది ఈతగాళ్లు సముద్రం మధ్యలో చిక్కుకుంటే రేవులోని పోలీసు బోటు వాళ్లకోసం పరుగెత్తక తప్పదు.

పందెం హారన్ మోగింది. పసుపు టోపీ అలల్లోకి వెళ్లిపోయింది.

"గాలివాన వస్తోంది, వెనక్కి పిలవండి," అన్నాడు హేమచంద్ర, పందెం మొదలుపెట్టించిన స్టార్టర్ దగ్గరికి పరుగెత్తి రొప్పుతూ.

"రాడార్ క్లియర్, మేట్. నో వర్రీస్," అని స్టార్టర్ తన ఫోన్ చూపించాడు.

వాదించే టైమ్ లేదు. పందెం నడిపే ఈత క్లబ్బు గోడమీద, సొరచేప కనిపిస్తే మోగించే షార్క్ సైరన్ మీట మీద హేమచంద్ర అరచెయ్యి వేశాడు.

వానంటే నమ్మనివాళ్లు షార్క్ అంటే ఇట్టే నమ్మారు. తొంభై టోపీలూ ఒక్కసారిగా ఒడ్డుకు తిరిగాయి. అందరికంటే ముందు ఈదుతున్న చైత్ర అందరికంటే ఆఖరున ఒడ్డెక్కింది. ఆమె పాదం ఇసుకను తాకిన క్షణంలోనే దక్షిణపు గాలి విరుచుకుపడింది. వెనక సముద్రం తెల్లగా మారిపోయింది.

"డాడ్, ఐ వాజ్ లీడింగ్," అంది.

అతను ఆమెను దగ్గరికి లాక్కున్నాడు. తువ్వాలు కప్పి పట్టుకున్నాడు.

రేవులో పోలీసు బోటు కదల్లేదు. అది ఈపాటికి వెళ్లిపోయి ఉంటుందనుకున్న ఇద్దరు డైవర్లు, పరికరంతో సహా, సరిగ్గా దాని పక్కనే నీళ్లలోంచి తల పైకెత్తి దొరికిపోయారు.

మధ్యాహ్నం క్లబ్బులో హరిప్రియ అతని ఎదురుగా కూర్చుంది. "నా ఇంట్లో వాళ్ల మైకులున్నాయండీ. ఇంకెలా చెప్పను? వడియాలు చూసి అర్థం చేసుకునే మనిషే వచ్చాడని పొద్దున మీరు భీమవరం అనగానే తెలిసింది."

"వానొస్తుందని తెలిసి అలవాటుగా ఎత్తేశారేమో."

"అదీ అయ్యుండొచ్చు," అంది ఆమె కళ్లద్దాలు తుడుచుకుంటూ.

"మనవైపేనా?" అని ఫోన్‌లో ఈశ్వరప్రసాద్ అడిగాడు.

"నమ్మాలనే ఉంది సార్. అందుకే అనుమానం."

దొంగ సైరన్ మోగించాడంటూ క్లబ్బువాళ్లు సాయంత్రం విచారణ పెట్టారు. లేని షార్క్‌ను కళ్లారా చూశామని పదకొండుమంది రాసిచ్చారు. మొదటి సంతకం హరిప్రియది. పక్కనే షార్క్ పొడవు కూడా వేసింది: నాలుగు మీటర్లు.