తన్నే హ్యాండిలు

బద్వేలులో సిద్ధవటం దారి మొదట్లోనే మా షెడ్డు. గోడలూ రేకులే, కప్పూ రేకులే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఏడాది మాట ఇది. ఎండాకాలం వడగాలికి జడిసి, పన్నెండయ్యేసరికి తలుపులు మూసేసి లోపల చీకట్లోనే పని చేసేవాణ్ణి. రేకులకున్న మేకుల చిల్లుల్లోంచి సన్నటి వెలుగు పడేది. ఇంజను చేతికి అలవాటైనవాడికి ఆ మాత్రం చాలు.

ఆ రోజు షెడ్డులో ఉన్నది ఓబుళరెడ్డి రేసు బండి. రెండే సీట్లు, వెనక తోకలా సన్నబడే ఒళ్లు, ఇంజనులో ఆముదం పోస్తే తప్ప పరిగెత్తని పొగరు. మద్రాసులో ఒక తెల్లదొర పదేళ్లు వాడి వదిలించుకున్న సరుకు. దాని రోగాలన్నీ నాకు కంఠతా వచ్చు. ఎత్తు ఎక్కితే నీళ్లు మరుగుతాయి. బ్రేకులు వెనక చక్రాలకే. అన్నిటికంటే చెడ్డది హ్యాండిలు తన్నడం.

స్టీరింగు దగ్గర స్పార్కు లివరని ఒకటుంటుంది. ఇంజను లేపడానికి ఒకడు బండి ముందర వంగి హ్యాండిలు తిప్పుతుంటే, సీట్లో ఉన్నవాడు ఆ లివరు కిందికి దించి పెట్టాలి. అది పైనుంటే నిప్పు ముందే అంటుకుని ఇంజను వెనక్కి తిరుగుతుంది. అప్పుడు హ్యాండిలు గాడిదలా తంతుంది. లివరును పట్టి నిలిపే పళ్లపట్టీ ఈ బండిలో అరిగిపోయి, లివరు దానంతటదే పైకి జారిపోయేది.

నా తమ్ముడు శాంతయ్య ఆ రెడ్డి దగ్గర డ్రైవరు. క్రిస్మస్ పోయిన నెలకి ఆ హ్యాండిలు తన్ని వాడి దవడ పగిలింది. రెండు రోజులు నోట మాట లేకుండా బతికి, పోయాడు. సీట్లో కూర్చున్నది ఓబుళరెడ్డి. “బండి రోగమప్పా, అందరికీ తెలిసిందే. నేనేం చేసేది?” అన్నాడు. విచారణకొచ్చిన ఇన్‌స్పెక్టరు నన్ను పిలిపించి, పట్టీ అరిగిన మాట నిజమేనా అని అడిగాడు. నిజమే సామీ, అన్నాను.

అబద్ధం. అంతకు వారం ముందే నేను కొత్త పట్టీ వేశాను. ఉక్కుది. ఒక్కొక్క పన్నూ ఆకురాయితో నేనే తీర్చాను. చెయ్యి పెట్టి తోస్తే తప్ప ఆ లివరు కదలదు. కానీ మా గుడిసె రెడ్డి స్థలంలో ఉంది. మా అమ్మ రాహేలమ్మకు చూపు లేదు. ఆమెను వెంటబెట్టుకుని ఎక్కడికి పోవాలని భయపడ్డాను. కొత్త పట్టీ సంగతి అమ్మకు కూడా చెప్పలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆ సిగ్గే రోజురోజుకీ పగగా మారింది.

శాంతయ్య పోయాక ఆ హ్యాండిలు పట్టే మగాడు తాలూకాలో దొరకలేదు. అందుకని రెడ్డి మద్రాసు నుంచి సెల్ఫ్ స్టార్టరు, బ్యాటరీ తెప్పించాడు. మీట నొక్కితే చాలు, ఇంజను లేస్తుంది. తమ్ముడు బతికుండగా ఇది వేయించమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు. కాలిన చేతులు మావి, అదీ తేడా.

నాలుగు రోజులు కష్టపడి అన్నీ బిగించాను. ఒక్క నట్టు వదులుగా పెట్టి ఉంటే కొండదారిలో వాడి పని అయిపోయేది. ఆ ఆలోచన రాలేదని చెప్పను. చెయ్యే రాలేదు.

మిట్టమధ్యాహ్నం రెడ్డి ఒక్కడే వచ్చాడు. ఎండలోంచి వచ్చినవాడికి చీకట్లో ఏమీ కనపడక బండిని తడుముకుంటూ నడిచాడు.

“అయిపోయిందేమిరా?”

“అయింది సామీ. కూర్చోని మీట నొక్కండి.”

“ఆ హ్యాండిలు ఇంకా ఉంచినావేం? కోసి పారెయ్. చూస్తాంటే నాకు ఒళ్లు మండుతాది.”

కూర్చుని మీట నొక్కాడు. టిక్కుమంది, అంతే. మళ్లీ నొక్కాడు. మళ్లీ టిక్కు. బ్యాటరీ నిండుగా ఉంది. పొద్దున నేను నొక్కినప్పుడు ఒక్క దెబ్బకు లేచింది. రెడ్డి తిట్టుకుంటూ దిగి, ఏమైందో చూద్దామని బండి ముందరికి వచ్చాడు. నేను సీటు పక్కనే నిలబడి ఉన్నాను.

అప్పుడు వాసన వచ్చింది. కాలిన ఆముదం వాసన. ఇంజను మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

బయట వడగాలి ఆగిపోయింది. రేకుల చప్పుడు లేదు...

సీటు స్ప్రింగు కిర్రుమంది.

తిరిగి చూశాను. తోలు సీటు మెల్లగా కిందికి దిగుతోంది. మనిషి కూర్చుంటే ఎంత దిగుతుందో అంత దిగింది. అక్కడ ఎవరూ లేరు.

టక్...

లివరు ఒక పన్ను పైకి జరిగింది.

టక్... టక్...

“గాబ్రియేలూ,” రెడ్డి గొంతు చాలా చిన్నగా వినిపించింది. “ఏం చేస్తాండావురా ఆడ?”

“నేనేం చేయలేదు సామీ.”

బానెట్టు మీదుగా చూశాను. వాడు నడుము వంచి ఉన్నాడు. కుడిచెయ్యి హ్యాండిలు మీద ఉంది. వేళ్లు బిగుసుకుపోయి తెల్లగా పాలిపోయాయి.

“నేను పట్టుకోలేదురా... అదే పట్టుకునింది... వదలడంల్యా...”

హ్యాండిలు ఒక చుట్టు తిరిగింది, నిదానంగా. ఆగింది. ఇంకో చుట్టు. మళ్లీ ఆగింది. శాంతయ్య పద్ధతి అది. రెండు చుట్లు మెల్లగా తిప్పి, ఊపిరి బిగబట్టి, మూడోది లాగేవాడు.

టక్. లివరు చివరి పన్నుకు చేరింది.

“లివరు దించప్పా... గాబ్రియేలప్పా... నీ కాళ్లు మొక్కుతా... దించప్పా...”

ఒక్క అడుగు. చెయ్యి చాస్తే అందుతుంది.

“ఆ పొద్దు దీన్ని ఎవరు తోసినారు?” అని అడిగాను.

“నేనే... నేనేరా... వాడు ఎట్ల ఎగురుతాడో సూద్దామని... నవ్వులాటకి...”

నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను.

మూడో చుట్టు తిరిగింది. ఇంజను ఒక్కసారి దగ్గింది. హ్యాండిలు తన్నింది. ఎముక విరిగిన చప్పుడు, దాని వెంటే మనిషి నేల మీద పడిన చప్పుడు.

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. సీటు మెల్లగా పైకి లేచింది.

నాకు సంతోషం వేసింది. దాచను. పరుగెత్తుకెళ్లి మనుషుల్ని పిలిచే ముందు, చచ్చిపడి ఉన్నవాడి పగిలిన దవడ వంక తనివితీరా చూశాను.

సాయంత్రం అదే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. లివరు చూశాడు, హ్యాండిలు చూశాడు. “ఇదీ బండి రోగమేనా?” అన్నాడు. రోగమే సామీ, అన్నాను. రాసుకుని వెళ్లిపోయాడు. ఇక ఈ జన్మకు ఆ లెక్క తీరిపోయిందనుకున్నాను.

ఇంటికి చేరేసరికి పొద్దు గూకుతోంది. అమ్మ గడపలో కూర్చుని కొంగుతో వేళ్లు తుడుచుకుంటోంది. ఎంత తుడిచినా పోవడం లేదు. దగ్గరికి వెళ్లి చూశాను. మణికట్టు దాకా నల్లటి ఆముదం.

“అమ్మా, చేతికి ఏమైంది?”

“శాంతయ్య వచ్చిపోయినాడు నాయనా, ఇప్పుడే. నడక గుర్తుపట్టినా.” ఆమె గొంతులో భయం లేదు, బిడ్డను తలుచుకునే బెంగే ఉంది. “మొగమంతా తడిమినా. దవడ ఇంకా అతుక్కోల్యా వానికి. ఏందో చెప్పబోతాడు, శానా పెనుగులాడినాడు, మాట రాదు పాపం. కడాకు నా చెయ్యి పట్టుకోని లోపలికి తీస్కపోయి, నీ మంచం మింద పెట్టి, అట్లే అదిమి పట్టుకున్యాడు. నిన్ను అడగమంటాండాడేమో.”



చూపు లేని ఆ కళ్లు నా ముఖం వైపు తిరిగాయి.

“ఏం అడగాల నాయనా నిన్ను?”