కుడి మలుపులో తోక ఊపే బండి

"ఈ బండి నాకమ్మింది మీరేగా?"

కాలిపోయిన బోరు మోటారుకు రాగితీగ చుడుతున్న ఉపేంద్ర తలెత్తాడు. మాచర్ల స్టేషన్ రోడ్డులో అతడి రివైండింగ్ షాపు ముందు, జోరు వానలో, ఒక అమ్మాయి నిలబడి ఉంది. పక్కన మొన్నమొన్నటి దాకా అతడిదే అయిన మోటారు సైకిలు. రెండూ నిలువునా తడిసి ఉన్నాయి. కోపంగా ఉన్నది మాత్రం అమ్మాయే.

"నేనేనండీ. లోపలికి రండి, తడుస్తున్నారు."

"తడిస్తే ఆరతాను. ముందిది చెప్పండి. కుడివైపు మలుపు తిరిగితే ఎనక చక్రం నా మాట ఇనదేంది?"

"ఎడమవైపో?"

"ఎడమకి బుద్ధిగానే పోద్ది. కుడికి తిప్పితేనే తోక ఊపుద్ది."

"నాలుగేళ్లు తోలానండీ. నా దగ్గర ఎప్పుడూ అట్టా చెయ్యలా."

"అంటే? నాకు తోలటం రాదనా?"

"నేనట్టా అన్లేదండీ."

"మీ మొహం అంటోందిగా."

ఉపేంద్ర తన మొహాన్ని సర్దుకోవడానికి ప్రయత్నించాడు. కుదరలేదు. ఎందుకంటే అప్పటికే అది ఆమెను చూసే పనిలో పడింది.

ఆమె పేరు వాసంతి. సాగర్ కుడికాలువ అవతల ఒక తండాలో పశుసంవర్ధక సహాయకురాలు. మేకలకూ గొర్రెలకూ టీకాలు వేస్తుంది. ఆ దారిలో బస్సు తనకు బుద్ధి పుట్టినప్పుడే వస్తుంది కాబట్టి బండి కొనుక్కుంది. తండ్రి పుల్లారావు రిటైరైన బస్సు డ్రైవరు. ఆయన ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. కూతురు ఒక్కసారి కింద పడినా సరే, తాళం ఆయన చేతికి రావాలి. తండా ఉద్యోగం వదిలేసి టౌన్లోనే ఏదో ఒకటి చూసుకోవాలి.

పైగా పుల్లారావుకు జీవితం మొత్తానికి ఒకటే సిద్ధాంతం. బండికి తప్పులుండవు, తోలేవాడికే ఉంటాయి.

"అందుకని, నేను పడకముందే దీని రోగమేందో తేల్చండి" అంది వాసంతి. "ఆదివారం మా ఇంటికి రండి."

ఉపేంద్ర స్పానర్ల సంచితో వెళ్లాడు. వాకిట్లో బండి, వరండాలో పేపరు చదువుతూ పుల్లారావు.

"ఏం బాబూ, బండిలో ఏం లేదుగా?"

"చూడాలండీ."

"చూట్టానికేముందిలే. మలుపు మధ్యలో బ్రేకు పట్టుంటది. నేను సాగర్ ఘాట్లో ఫుల్లు లోడు బస్సు తోలేటప్పుడు..."

"నాన్నా, నీ బస్సు సంగతి సాయంత్రం ఇంటాం" అంది వాసంతి.

ఉపేంద్ర టైర్లలో గాలి చూశాడు. సరిగ్గానే ఉంది. వెనక సీటు మీద కట్టిన టీకా మందుల డబ్బా చూశాడు.

"ఇది ఒకవైపు బరువైద్దేమోనండీ."

"మధ్యలోనే కడతాను. రోజూ మేకలతో తిరిగినా ఆపాటి తెలివుంది."

డబ్బా విప్పేసి వీధి చివర దాకా తోలి చూసింది. అదే తోక, అదే ఊపు. ఆ ఆదివారం అక్కడితో అయిపోయింది.

తర్వాతి ఆదివారం చక్రాల వరస చూడాలన్నాడు. ముందు చక్రం, వెనక చక్రం ఒకే గీతలో లేకపోతే బండి పక్కకు లాగుతుంది. దానికి ఒక దారం చాలు. వాసంతి దారం ఒక కొస పట్టుకుని ముందు కూర్చుంది. ఉపేంద్ర రెండో కొస పట్టుకుని వెనక కూర్చున్నాడు.

"ఏంది, ఆనిందా?"

"చూస్తున్నానండీ."

"దారాన్ని చూడండి. నన్ను కాదు."

ఉపేంద్ర చెవులు ఎర్రబడ్డాయి. దారం రెండు చక్రాలకూ తిన్నగా ఆనింది. అక్కడా తప్పు లేదు. సిగ్గు దాచుకోవడానికి అతడు ఇంకాస్త కిందికి వంగాడు. అప్పుడు కనిపించాయి, వెనక చక్రానికి అటూ ఇటూ ఉన్న షాక్ అబ్జార్బర్లు.

ఎడమ దాని స్ప్రింగు చివరి గాటు దాకా బిగించి ఉంది. కుడిదేమో మొదటి గాటులో వదులుగా ఉంది. రెండూ ఒకే గాటులో ఉండాలి. లేకపోతే చక్రాన్ని ఒక పక్క నుంచి గట్టిగా తోసినట్టవుతుంది.

అలా బిగించింది ఎవరో కాదు, ఉపేంద్రే. అతడి తల్లి రత్నకుమారి మంచి పుష్టిగల మనిషి. చీర కట్టుకున్న పెద్దవాళ్లందరిలాగే బండి మీద పక్కకు తిరిగి, రెండు కాళ్లూ ఎడమవైపు వేసి కూర్చుంటుంది. బరువంతా ఎడమకు పడి బండి ఒరుగుతోందని, ఆ పక్క స్ప్రింగును అతడే బిగించాడు. కూరగాయల మార్కెట్టుకీ, పెళ్లిళ్లకీ, పేరంటాలకీ ఆమె వెనక ఉన్నంత కాలం బండి సరిగ్గా తూగింది. ఆమె లేకుండా అతడు బండి తీసిందే తక్కువ. మోకాళ్ల నొప్పులొచ్చి ఆమె ఆటోలకు మారాక అతడు బండి అమ్మేశాడు. బిగించిన సంగతి మర్చిపోయాడు.

వదులు చెయ్యడం చిటికెలో పని. దానికి కావలసిన స్పానరు చేతిలోనే ఉంది. సరిగ్గా అప్పుడే వాసంతి మజ్జిగ గ్లాసు తెచ్చింది.

"దొరికిందా?"

ఉపేంద్ర గ్లాసును చూశాడు. గ్లాసు వెనక మొహాన్ని చూశాడు. రోగం దొరికితే వైద్యుడికి ఈ ఇంట్లో ఇక పనేముంటుంది?

"ఇంకా లేదండీ. వచ్చే ఆదివారం ముందు పక్క ఇప్పి చూడాలి. అందాకా మలుపుల్లో నెమ్మదిగా పోండి."

దీన్ని ప్రేమ అనుకున్నాడు ఉపేంద్ర. అందులో ప్రేమ లేకపోలేదు. బుద్ధి మాత్రం లేదు.

ఆ వచ్చే ఆదివారం హ్యాండిల్ విప్పాడు. ఏ తప్పూ లేని బేరింగు గుళ్లను తీసి, తుడిచి, గ్రీజు పెట్టి మళ్లీ వేశాడు. వాసంతి పక్కనే కూర్చుని గుళ్లు అందించింది.

"మీకింత శ్రద్ధేందండీ ఈ బండి మీద?"

"అమ్మినోడికి బాధ్యత ఉంటదిగా."

"కొన్నోళ్లందరి ఇళ్లకీ ఇట్టానే ఆదివారాలు తిరగతారా?"

"ఇప్పటిదాకా ఒక్క బండే అమ్మానండీ."

వాసంతి పకపకా నవ్వింది. వరండాలో పుల్లారావు పేపరు కాస్త కిందికి దించి, ఇద్దరినీ చూసి, మళ్లీ పైకెత్తుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం వాన దంచింది. శుక్రవారం పొద్దున ఫోను వచ్చింది.

"ఆదివారం మీరు రానక్కర్లేదు. నిన్న కాలువ వంతెన మలుపులో పడ్డాను."

ఉపేంద్ర చేతిలోని తీగచుట్ట కింద పడింది. "దెబ్బలు?"

"మోచేతికి కుట్లు పడ్డాయి. అదేం కాదులే. మా నాన్న చెప్పిందే నిజమండీ, నాకు తోలటం రాదు. తాళం ఆయనకిచ్చేశాను. పాపం, మీ ఆదివారాలన్నీ పాడుచేశాను."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఉపేంద్ర షట్టరు సగం దించి పరుగెత్తాడు.

పుల్లారావు వరండాలోనే ఉన్నాడు. తాళం చొక్కా జేబులో ఉంది. చేతికి కట్టుతో వాసంతి గడప మీద కూర్చుని ఉంది.

"నేనప్పుడే చెప్పానా బాబూ" అన్నాడు పుల్లారావు. "తప్పు తోలేవాళ్లదే అని."

"కాదండీ. తప్పు బండిది. దాన్నట్టా చేసింది నేను."

తల్లి పక్కకు కూర్చునే సంగతి, స్ప్రింగు బిగించిన సంగతి చెప్పాడు. పుల్లారావు నమ్మలేదు. లుంగీ ఎగ్గట్టి, తానే బండి తీసుకుని వంతెన దాకా వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆయన మొహం మారిపోయింది.

"నిజమే. తోక ఊపుతోంది. నన్నే పడేయబోయింది."

ఉపేంద్ర రెండు స్ప్రింగులనూ ఒకే గాటుకు తెచ్చాడు. పుల్లారావు మళ్లీ వెళ్లి వచ్చాడు. ఈసారి బండి దిగి నేరుగా కూతురి దగ్గరకు నడిచి, కట్టు లేని చేతిలో తాళం పెట్టాడు.

"తప్పు నీది కాదమ్మా. బండిదే."

ఆయన నోటి వెంట ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. వాసంతి తాళాన్ని గట్టిగా పట్టుకుంది. తర్వాత ఉపేంద్ర వైపు తిరిగింది.

"ఈ సంగతి మీకెప్పుడు తెలిసింది?"

ఇవాళే అనొచ్చు. అంటే అంతా సుఖంగా ముగిసేది, కాఫీ కూడా వచ్చేది.

"మనం దారం పట్టుకున్న రోజు" అన్నాడు ఉపేంద్ర.

"మరెందుకు చెప్పలా?"

"చెబితే మళ్లీ రావటానికి పనుండదని. మీరంటే ఇష్టమండీ నాకు."

పుల్లారావు ఎగ్గట్టిన లుంగీ దించుకున్నాడు. "బండి బాగయింది బాబూ. నీది మాత్రం డ్రైవరు తప్పే" అని లోపలికి వెళ్లిపోయాడు.

వాసంతి గడప మీంచి లేచింది.

"రాత్రంతా నాకు నిద్ర లేదు. నాకు చేతకాదని నమ్మేశాను తెలుసా? నాన్న అన్నందుకు కాదు. నా అంతట నేనే నమ్మాను. మోచెయ్యి మానుద్ది. ఇది తొందరగా మానేది కాదు."

"తప్పేనండీ."

"ఏ పనీ లేకుండా వచ్చి అడిగినా తలుపు తీసేదాన్నిగా."

"ఇప్పుడో?"

"ఇప్పుడు పోండి."

ఉపేంద్ర వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు. వాసంతికి కోపం తగ్గలేదు గానీ, ఆ రోజు వీధిలో ఏ బండి చప్పుడైనా గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్లింది. అది తన బండి గురించిన జాగ్రత్త అని తనకు తాను చెప్పుకుంది.

కుట్లు ఊడదీశాక వచ్చిన ఆదివారం తలుపు చప్పుడైంది. పుల్లారావు తీశాడు. ఎదురుగా ఉపేంద్ర, రెండు చేతులూ ఖాళీ.

"బండిలో ఏం లేదు బాబూ. బాణంలా పోతోంది."

"బండి కోసం రాలేదండీ. వాసంతి గారి కోసం వచ్చాను. ఆమె ఒప్పుకుంటే మా అమ్మను తీసుకొచ్చి మీతో మాట్లాడిస్తాను. ఒప్పుకోకపోతే ఇక రాను."

పుల్లారావు లోపలికి తిరిగి కేకేశాడు. "ఏమే అమ్మాయ్! ఈసారి అబద్ధం లేకుండా వచ్చాడు. నువ్వే తేల్చుకో."

వాసంతి బయటికొచ్చింది. అవునని అనలేదు, కాదని అనలేదు. బండి స్టార్ట్ చేసి, వెనక సీటు చూపించింది.

"వంతెన దాకా పోయి రండి" అన్నాడు పుల్లారావు. "వచ్చేలోపు కాఫీ పెడతాను."

ఊరు దాటారు. కాలువ నిండుగా పారుతోంది. వంతెన దగ్గరకొచ్చేసరికి సన్నగా తుంపర మొదలైంది.

"మలుపొస్తోంది, పట్టుకోండి" అంది వాసంతి.

"పర్లేదండీ. మీ తోలకం మీద నాకు నమ్మకమే."

"నాకూ ఇప్పుడిప్పుడే వస్తోంది. నా మీదా, నీ మీదా. పట్టుకో."

అతడు ఆమె భుజం పట్టుకున్నాడు. వాసంతి బండిని కుడికి తిప్పింది.