ఫెన్విక్ నిట్టూర్పు

కూలబిన్ పశువైద్య కళాశాలలో చివరి కొట్టానికి చెడ్డపేరుంది. ముసలి ప్రొఫెసర్ ఫెన్విక్ అక్కడే, పాఠం మధ్యలో, గుండె ఆగి పడిపోయాడట. అప్పట్నుంచీ... జబ్బు తప్పుగా తేల్చిన డాక్టరు రాత్రిపూట అటు వెళ్తే చాలు, చీకట్లోంచి ఆయన నిట్టూరుస్తాడట! మాడిపోయిన బల్బు మార్చడానికి ఎలక్ట్రీషియన్ కూడా రాడు.

డాక్టర్ మార్నీ పెట్షెల్ ఆయన శిష్యురాలే. ఈ కబుర్లన్నీ నవ్వి కొట్టిపారేసేది, ఆ జూలై రాత్రి దాకా.

మర్నాడు ఆమెకు ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ. సరిగ్గా ఆ సాయంత్రమే గోధుమలు పీకలదాకా మేసి, నెమరు ఆగిపోయిన ఆవొకటి వచ్చింది.

"కోసి పొట్ట ఖాళీ చేయాల్సిందే," అన్నాడు విభాగాధిపతి కీత్ ట్రెంబత్, విద్యార్థులందరి ముందూ.

"కత్తెందుకు? మందులు పడ్డాయి. ఇంకో ఆవు పొట్టరసం పోస్తే నెమరు అదే వస్తుంది," అంది మార్నీ.

"తెల్లారేసరికి రాకపోతే? రేపు నిన్ను ప్రశ్నలడిగేది నేనేనమ్మాయ్!"

ఆవు నెమరు వేయకపోతే పదవి మీద ఆశ వదులుకోవాల్సిందే.

రసం ఇచ్చే ఆవు పేరు డోరిస్. పాఠాల కోసం దాని డొక్కలో పొట్టదాకా రంధ్రం చేసి, రబ్బరు బిరడా పెట్టారు. అది ఉండేది ఆ చివరి కొట్టంలోనే.

రాత్రి బాగా పొద్దుపోయాక మార్నీ బకెట్ పట్టుకుని ఆ కొట్టం గడప దాటిందో లేదో...

"హ్...ఫ్...ఫ్..."

ఎవరో చెవి పక్కనే నిట్టూర్చారు. వెచ్చగా... పులిసిన వాసనతో...

ఆమె అక్కడే ఆగిపోయింది. భయం దెయ్యమంటే కాదు. 'అయితే నేను చెప్పింది తప్పా?' అని!

"ఫెన్విక్ గారూ..." గుసగుసగా అడిగింది, "కోయమంటారా?"

"హ్...ఫ్...ఫ్..."

"బతికున్నప్పుడూ ఇంతే మీరు! ఒక్కర్నీ మెచ్చుకున్న పాపాన పోలేదు."

ఉక్రోషంతో ముందుకెళ్లి డోరిస్ డొక్క తడిమింది. బిరడా వదులైంది. సందులోంచి పొట్టగాలి తన్నుకొస్తోంది — అదీ నిట్టూర్పు! మార్నీకి తనమీద తనకే నవ్వొచ్చింది. బిరడా లాగి, భుజం దాకా చెయ్యి లోపల పెట్టింది...

లోపల ఇంకో చెయ్యి తగిలింది.

అయిదు వేళ్లు. మెత్తగా, ఉబ్బి... ఆమె వేళ్ల మధ్యకు దూరాయి.

మార్నీ కెవ్వుమంది. డోరిస్ మాత్రం నింపాదిగా నములుతూనే ఉంది. విదిలించుకుంటూ చెయ్యి లాక్కుంటే, దాంతోపాటు బయటికొచ్చింది... గాలి నిండిన పొడవాటి రబ్బరు గ్లవ్.

"అది... నాదే," అంది గడ్డిమోపుల వెనకనుంచి ఒక గొంతు.

టార్చి వెలిగింది. కీత్ ట్రెంబత్! ఒక చేతికి భుజం దాకా పచ్చటి పసరు. పక్కనే పొట్టరసంతో నిండిన బకెట్.

"మీరు కోయాలన్నారుగా?"

"అన్నాన్లే! పడుకుంటే నిద్ర పట్టలేదు. నువ్వు చెప్పిందే సరైందనిపించింది. నీ అడుగుల చప్పుడు విని కంగారుగా చెయ్యి లాగేస్తే గ్లవ్ లోపలే జారిపోయింది, బిరడా కూడా సరిగ్గా బిగించలేదు." ఆయన గొంతు ఇంకా తగ్గించాడు. "మార్నీ... రేపు ఇంటర్వ్యూలో ఈ సంగతి ఎత్తకేం?"

మార్నీ గ్లవ్ ఆయన చేతిలో పెట్టి, బకెట్ అందుకుంది.

"ఛ, రేపెందుకు చెప్తాను? ప్రొఫెసరయ్యాకే చెప్తా!"