గింజలు లేని ఐస్ బుకో

టీచర్‌తో పాటు పిల్లలు రీకా వాళ్ళింటికి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. ముందు గదిలో తెల్లటి శవపెట్టె, దాని చుట్టూ దీపాలు. పెట్టెలో రీకా వాళ్ళమ్మ లోర్నా. పూడ్చేదాకా కొన్ని రోజులు ఇంట్లోనే ఉంచి పక్కన కూర్చోవడం అక్కడి ఆనవాయితీ. గుమ్మం పక్కన ‘ఐస్ బుకో అమ్మబడును’ అన్న అట్ట ఇంకా వేలాడుతూనే ఉంది. దాన్ని తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు పాపం.

ఆ వీధి పిల్లలందరూ లోర్నా చేతి ఐసు తిని పెరిగినవాళ్ళే. లేత కొబ్బరి గీరి, కొబ్బరినీళ్ళూ పాలూ కలిపి, అడుగున తీపి చిక్కుడు గింజలు వేసి, పుల్ల గుచ్చి గడ్డకట్టించేది. రీకా స్నేహితురాలు అనాలిన్‌కు ఆ గింజలంటే గిట్టదు. అందుకని ప్రతిసారీ ఒక్క ఐసు మాత్రం గింజలు లేకుండా చేసి, పుల్లకు ఎర్ర రబ్బరుబ్యాండు చుట్టి ఉంచేది. “మహారాణిగారి ఐసు వేరే,” అని నవ్వేది.

పిల్లలు ప్రార్థన చేశారు. ఇచ్చిన బిస్కెట్లు తిన్నారు. అనాలిన్ పెట్టె వైపు చూడలేదు. రీకా దగ్గరకూ వెళ్ళలేదు. బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ, నోరు మూతపడని జంట. ఇవాళ ఏం మాట్లాడాలో అనాలిన్‌కు తెలియలేదు, అంతే.

వెళ్ళేముందు రీకాయే వచ్చింది. చేతిలో ఐసు. పుల్లకు ఎర్ర రబ్బరుబ్యాండు.

“ఆదివారం అమ్మ చేసింది. నీదే,” అంది.

అనాలిన్ చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకుంది.

“వద్దు. చావింటి తిండి పట్టుకెళ్తే చావు వెంటబడి వస్తుందట. మా లోలా చెప్పింది.”

“అవును, మా ఇంట్లోనూ అంటారు,” అన్నాడు వెనక నుంచి వాళ్ళ క్లాసు జోమార్.

రీకా ఐసు వైపు ఒకసారి చూసుకుంది. “సరే,” అంది. దాన్ని మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టి వచ్చి, వాళ్ళమ్మ పక్కన కుర్చీలో కూర్చుంది.

చావింటి నుంచి నేరుగా ఇంటికి పోతే చావు వెంట వస్తుందంటారు కాబట్టి పిల్లలందరూ బేకరీ దగ్గర ఆగారు. అనాలిన్ కూడా ఒక బన్ను కొనుక్కుంది. కొరక్కుండానే సంచిలో వేసుకుంది.

ఇంట్లో లోలా, అంటే అమ్మమ్మ, బియ్యం ఏరుతోంది.

“లోలా, నువ్వు చెప్పినట్టే చేశా. రీకా ఐసు ఇస్తే తీసుకోలేదు. లోర్నా ఆంటీ నాకోసం చేసిందంట, అయినా తీసుకోలేదు.”

అమ్మమ్మ చేట కింద పెట్టింది.

“పట్టుకెళ్ళొద్దన్నాను గానీ తినొద్దన్నానటే? పట్టుకెళ్ళొద్దంటే ఏంటి? అక్కడే కూచుని తినమని. వాళ్ళ పక్కన కాసేపు ఉండమని. మీ తాత పోయినప్పుడు ఆ లోర్నా మూడు రోజులు నన్ను వదల్లేదు. నాకు ముద్ద దిగకపోతే నాతో పాటు గంజి తాగింది.”

అనాలిన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నాకు భయమేసింది, లోలా.”

“వేస్తుంది మరి. ఆ పిల్లకి ఇంకెంత వేస్తోందో.”

మర్నాడు బడి వదలగానే అనాలిన్ జోమార్‌ను వెంటబెట్టుకుని వెళ్ళింది. వాడు గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపల రీకా నిన్నటి కుర్చీలోనే ఉంది.

“నా ఐసు ఉందా?” అని అడిగింది అనాలిన్.

రీకా తలెత్తలేదు. “పట్టుకెళ్ళకూడదుగా.”

“పట్టుకెళ్ళను. ఇక్కడే తింటా.”

రీకా లేచి వెళ్ళి ఐసు తెచ్చింది. అనాలిన్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఒక ముక్క తను కొరికి, రీకాకు అందించింది. రీకా కొరికి మళ్ళీ ఇచ్చింది. అదే లేత కొబ్బరి, అదే తీపి. ఒక్క గింజ కూడా లేదు. ఇంక ఇలాంటిది ఎప్పటికీ దొరకదని అనాలిన్‌కు అప్పుడే అర్థమైంది.

“నిన్న అలా అనకుండా ఉండాల్సింది,” అంది.

“నీకు భయం వెయ్యట్లేదా?” అని అడిగింది రీకా.

“వేస్తోంది.”

అలా అంటూనే అనాలిన్ కుర్చీ ఇంకాస్త దగ్గరకు జరుపుకుంది. రీకా ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మూడు రోజుల్లో ఆ పిల్ల ఏడవడం అదే మొదటిసారి. అనాలిన్ ఆమెను పట్టుకుని కూర్చుంది.

గేటు దగ్గర నుంచి జోమార్ పిలిచాడు. “అనా, ఇంటికి రావా? బడి పిల్లలందరూ వెళ్ళిపోతున్నారు.”

“నువ్వెళ్ళు. నా ఐసు ఇంకా అవలేదు,” అంది అనాలిన్.

ఆమె చేతిలో ఉత్త పుల్ల ఉంది, దానికి ఎర్ర రబ్బరుబ్యాండు.